బరువు దోషమా? అమరిక లోపమా?

కళాశాల వార్షిక సంచికలో సైకిలు వెనుక చక్రానికి ఉండే గాలి షాక్ అబ్జార్బరును గురించి వ్యాసమా అని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. సాహిత్యం, చరిత్ర, సంఘసేవ, విద్యార్థుల కర్తవ్యం వంటి విషయాలకు అలవాటుపడిన ఈ పుటలలో పంపు, వాల్వు, రబ్బరు ఉంగరం అన్న మాటలు కొంత వింతగా తోచడం సహజమే. అయినా కాటారంలో మా కళ్లయెదుట జరిగిన ఒక చిన్న సంగతి మమ్మల్ని చాలా కాలం ఆలోచింపజేసింది. యంత్రం అమరికలోని లోపాన్ని మనిషి మీదికి నెట్టివేయడం ఎంత తేలికో, ఆ మాట నిజమని నమ్మి ఆ మనిషి తల వంచుకోవడం ఎంత సులభమో అది మాకు నేర్పింది. అందుచేత ముందుగానే మా అభిప్రాయాన్ని స్పష్టంగా చెప్పదలచుకున్నాము. మనిషి బరువు దోషం కాదు. ఆ బరువుకు తగినట్లు యంత్రాన్ని అమర్చకపోవడమే దోషం.

కాటారం ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలోని మండలం. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది. మంథని నుండి వచ్చే దారి, భూపాలపల్లి నుండి వచ్చే దారి, మహదేవపూర్ మీదుగా గోదావరీ ప్రాణహితల సంగమమైన కాళేశ్వరానికి పోయే దారి ఇక్కడ కలుస్తాయి. పెద్ద రోడ్డు మీద లారీల రాకపోకలు ఎడతెగవు. రోడ్డు దిగి అడవి వైపు తిరిగితే ఎర్రమట్టి బాటలు, టేకుచెట్ల వేళ్లు, వాన వెలిసిన తరువాత ఒర్రెలు కోసిన గండ్లు, రాళ్లు తేలిన మిట్టలు. కొండదారుల కోసం తయారైన సైకిలుకు ఇంతకంటె తగిన నేల వేరొకటి ఉండదు. అట్టి సైకిళ్లు ఇక్కడ చాలా అరుదు. ఆ అరుదైన వాటిలో ఒకటి మా మిత్రునిది.

మా మిత్రుడు చిన్ననాటి నుండి స్థూలకాయుడు. శరీరపు బరువు 98 కిలోలు. పుస్తకాల సంచి, నీళ్ల సీసా, శిరస్త్రాణం కలుపుకుంటే 104 కిలోలు. రెండు వేసవి సెలవులలో పని చేసి కూడబెట్టిన డబ్బుతో నగరంలోని ఒక దుకాణంలో ఒకరు వాడి వదలిన సైకిలును కొన్నాడు. ముందు ఫోర్కులోను, వెనుక చట్రం నడుమను గాలితో పనిచేసే షాక్ అబ్జార్బర్లు ఉన్న మంచి సైకిలు అది. తెచ్చిన మొదటి వారంలోనే ఇబ్బంది మొదలయింది. అతడు సీటు మీద కూర్చోగానే వెనుక భాగం సగానికి సగం కుంగిపోయేది. ప్రతి గుంతకూ లోపల లోహం లోహాన్ని తాకినట్లు దభీమని చప్పుడు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోయేది. మలుపులో పెడలు రాయికి తగిలి ఒకసారి పడ్డాడు కూడ.

సైకిలును తీసుకొని మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాడు. అక్కడివారు సైకిలును పరీక్షించలేదు. అతణ్ణి ఎగాదిగా చూసి, "ఇది మీవంటి వారికి కాదు భయ్యా, ముందు మీరు తగ్గి రండి" అని నవ్వి పంపించారు. తిరిగి వచ్చి అతడు సైకిలును వెనుక వసారాలో గోడకు చేర్చి పాతచీర కప్పాడు. మేమెవరమూ అప్పుడు అతని పక్షాన నిలువలేదు. పైగా ఆ మాటను తలచుకొని మేమూ నవ్వాము. ఈ వ్యాసం రాయడానికి మాకు అర్హత ఉన్నదో లేదో తెలియదు గాని, అవసరం మాత్రం ఉన్నది.

మా కళ్లు తెరిపించినది పుస్తకం కాదు. చౌరస్తా దగ్గర లారీల కమాన్ కట్టలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. అందరమూ ఆయనను చాచా అని పిలుస్తాము. ఒక సాయంకాలం మాటల మధ్య ఈ సంగతి చెప్పి మేము నవ్వబోతే ఆయన నవ్వలేదు. "బండి ఏ లోడుకు పాసయిందో ఆ లోడుకు సరిపడ పట్టీలు ఏసుడు మా పని. లోడు ఉన్నదని డ్రైవర్‌ను తిడ్తమా బేటా? మీ సైకిల్‌ల పట్టీ లేకుంటే ఇంకేదో ఉంటది. అది సూడుండ్రి ముందుగాల" అన్నారు. కమాన్ అనగా ఉర్దూలో విల్లు. వంగి, బరువును మోసి, తిరిగి లేచే ఉక్కుపట్టీకి ఆ పేరు ఎవరు పెట్టారో గాని బహు సార్థకంగా పెట్టారు. మా మిత్రుని సైకిలులో ఆ విల్లు ఉక్కుతో చేసినది కాదు, గాలితో చేసినది. ఆ గాలి ఎంత ఉన్నదో మేము ఎన్నడూ చూడలేదు.

గాలితో కుదుపును అణచవచ్చునన్న ఆలోచన సైకిలుకు కొత్త కాదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి గాలి నింపిన రబ్బరు టైరును తయారుచేశాడు. ఆ తరువాత చాలా కాలం సైకిలు కుదుపును మోసినవి ఎక్కువగా ఆ టైర్లు, సీటు కింది స్ప్రింగులే. 1970 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మారిన్ కౌంటీ కొండదారులలో, యువకులు పాత సైకిళ్లను మార్చి లోయలలోకి దూకించడం మొదలుపెట్టిన తరువాత కొండ సైకిలు అనే కొత్త జాతి పుట్టింది. 1989లో రాక్‌షాక్స్ సంస్థ ముందు చక్రానికి కుదుపు మోసే ఫోర్కును విపణిలోకి తెచ్చింది. క్రమంగా వెనుక చక్రానికీ అట్టి ఏర్పాటు వచ్చింది. ఈ చరిత్ర అంతటిలోను ఒకే సూత్రం ఉన్నది. రోడ్డును మార్చలేనప్పుడు యంత్రాన్ని మార్చాలి.

వెనుక గాలి షాక్ పని చేసే తీరు ఇంటరు చదివిన విద్యార్థికి కష్టమైన విషయం కాదు. ఒక గొట్టం, అందులో జారే మరొక గొట్టం, నడుమ బంధించిన గాలి. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమాన్ని మనమందరమూ చదివినవారమే. ఉష్ణోగ్రత మారకుండా గాలి పరిమాణం సగమైతే దాని పీడనం రెట్టింపవుతుంది. కనుక గాలి ఎంత నొక్కుకుపోతే అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. మామూలు ఉక్కు స్ప్రింగును వేరే బరువుకు మార్చాలంటే స్ప్రింగునే మార్చాలి. గాలి స్ప్రింగుకు పంపు చాలు. అనగా వేర్వేరు బరువుల మనుషుల కోసమే ఈ గాలి ఏర్పాటు జరిగింది. అట్టి యంత్రాన్ని అమ్ముతూ "మీ బరువుకు కాదు" అనడం ఎంతటి విపరీతమో పాఠకులే గమనించగలరు.

ఇక లెక్క చూడండి. మా మిత్రుని సైకిలులో వెనుక చక్రం 130 మిల్లీమీటర్లు పైకి లేవగలదు. ఆ సమయంలో షాక్ నొక్కుకుపోయేది 50 మిల్లీమీటర్లు మాత్రమే. చట్రంలోని కడ్డీలు తులాదండంవలె పనిచేస్తాయి గనుక చక్రం మీద పడిన బరువు షాక్ మీద సగటున 2.6 రెట్లవుతుంది. 104 కిలోల మనిషి కూర్చున్నప్పుడు వెనుక చక్రం మీద మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువగా, అనగా సుమారు 67 కిలోలు పడతాయనుకుంటే, షాక్ మోసేది దాదాపు 175 కిలోలు. అదే 68 కిలోల మనిషి అయితే 115 కిలోల లోపే. మనుషుల నడుమ తేడా 36 కిలోలే అయినా షాక్ దగ్గరికి వచ్చేసరికి అది 60 కిలోలవుతున్నది. పాత యజమాని తన బరువుకు నింపుకున్న గాలితోనే ఆ సైకిలు మా మిత్రుని చేతికి వచ్చింది. దుకాణంలో ఎవరూ వాల్వు మూత కూడ తీసి చూడలేదు.

ఆ గాలిని కొలవడానికి ప్రత్యేకమైన చేతిపంపు కావాలి. టైరు పంపుగాని, లారీల పంక్చరు దుకాణంలోని కంప్రెసరుగాని దీనికి పనికిరావు. టైరులో ముప్పై నలభై పౌండ్ల గాలి ఉంటే షాక్‌లో చదరపు అంగుళానికి 150 మొదలు 300 పౌండ్ల వరకు ఉండవలసి వస్తుంది. పైగా షాక్ లోపలి గది చాలా చిన్నది. ఒక్క దెబ్బ గాలికే ముల్లు ఎంతో కదులుతుంది. కనుక సన్నగా గాలిని పంపి, ఎంత ఉన్నదో చూపే చిన్న పంపు అవసరం. మేము నలుగురమూ చందా వేసుకొని ఒక పంపు తెప్పించాము. బిగించి చూస్తే ముల్లు 150 దగ్గర నిలిచింది.

తరువాత చేసిన పనిని వరుసగా చెబుతాము. ఇట్టి సైకిలు ఉన్న మరెవరికైనా ఉపయోగపడవచ్చునని మా ఆశ. మొదట షాక్ మీది నీలిరంగు మీటను పూర్తిగా తెరచిన స్థితిలో ఉంచాము. మిత్రుడు తాను రోజూ వేసుకునే బట్టలు, బూట్లు, సంచితో సహా గోడను ఆనుకొని సైకిలు ఎక్కాడు. సంచి లేకుండా కొలిస్తే ఆ కొలత అబద్ధమే అవుతుంది. షాక్ కడ్డీ మీద ఒక రబ్బరు ఉంగరం ఉంటుంది. దానిని పై అంచుకు జరిపి, అతడు కుదుపు లేకుండా మెల్లగా కూర్చొని, అంతే మెల్లగా దిగాడు. ఉంగరం ఎంత దూరం జరిగిందో అంతే అతని బరువుకు షాక్ కుంగిందన్నమాట. దీనిని మేము కుంగు అని పిలుచుకున్నాము. మొత్తం 50 మిల్లీమీటర్లలో కుంగు 22 మిల్లీమీటర్లు వచ్చింది. అనగా 44 శాతం. సాధారణంగా ఇది 25 నుండి 30 శాతం ఉండాలని తయారీదారులు చెబుతారు. దారిలో గుంత రాకముందే అతని సైకిలు తన శక్తిలో దాదాపు సగాన్ని అతణ్ణి మోయడానికే వెచ్చించింది. ఇక దెబ్బ తగిలితే అడుగు తాకక ఏమవుతుంది?

ఎంత గాలి నింపాలన్నదానికి ఒక మోటు లెక్క ఉన్నది. మనిషి బరువు పౌండ్లలో ఎంతో, గాలి కూడ అన్ని పౌండ్లతో మొదలుపెట్టమంటారు. 104 కిలోలు అంటే సుమారు 229 పౌండ్లు. ఇది అన్ని సైకిళ్లకూ సరిపోయే సూత్రం కాదు. చట్రం నిర్మాణాన్ని బట్టి మారుతుంది. కనుక ఇది ఆరంభం మాత్రమే, తీర్పు చెప్పవలసినది రబ్బరు ఉంగరమే. మేము ఒకేసారి నింపకుండ కొంత కొంతగా పెంచాము. మధ్యమధ్య పంపు తీసి, సీటును పదిసార్లు మెల్లగా అదిమి వదిలాము. షాక్ లోపల పైకి నెట్టే గాలి గదికి ఎదురుగా మరొక చిన్న గది ఉంటుంది. రెండింటిలోని గాలి సమతూకానికి రావడానికి అట్లా చేయాలి. పంపు ఊడదీసేటప్పుడు వచ్చే బుస్సుమనే శబ్దం గొట్టంలోని గాలిది, షాక్‌లోనిది కాదు. మళ్లీ బిగిస్తే ముల్లు కొంచెం తక్కువ చూపుతుంది. గొట్టం నిండడానికి షాక్ నుండి కొంత గాలి పోతుంది గనుక అది సహజం. 230 పౌండ్ల దగ్గర కుంగు 15 మిల్లీమీటర్లకు, అనగా 30 శాతానికి వచ్చింది.

ఇక్కడితో పని ముగిసిందనుకుంటే పొరపాటే. గాలి గట్టిపడిన కొద్దీ నొక్కిన షాక్ తిరిగి లేచే వేగం పెరుగుతుంది. బిగిసిన విల్లు బాణాన్ని విసిరినట్లు అది మనిషిని సీటు మీది నుండి విసురుతుంది. దానికి పగ్గం వేసేది లోపలి నూనె. నూనె ప్రవహించే దారిని వెడల్పు చేయడానికి, ఇరుకు చేయడానికి ఎర్రరంగు మర ఒకటి ఉంటుంది. బరువైన మనిషి గాలిని పెంచినప్పుడు ఈ మరను కూడ కొంత బిగించాలి. పూర్తిగా మూసి, అక్కడి నుండి ఎన్ని టిక్కులు వెనక్కు తిప్పామో లెక్కపెట్టుకోవాలి. పాత యజమాని 8 టిక్కుల దగ్గర ఉంచాడు. మాకు 4 దగ్గర కుదిరింది. పరీక్ష చాలా సులభం. కూర్చొనే అరుగు వంటి చిన్న ఎత్తు నుండి సైకిలును మెల్లగా కిందికి దించితే అది ఒకసారి లేచి నిలవాలి. రెండు మూడు సార్లు ఊగితే మర వదులుగా ఉన్నట్లు. బద్ధకంగా లేస్తే మరీ బిగిసినట్లు. అట్లా బిగిస్తే వరుస గుంతలలో లేవడానికి వ్యవధి చాలక ప్రతి గుంతకూ ఇంకా ఇంకా కిందికి దిగిపోతుంది.

అడవి బాటలో ఒర్రె గట్టు దిగేటప్పుడు మాత్రం ఇంకా అడుగు తాకుతూనే ఉన్నది. ఒక ప్రయాణంలో అన్నిటికంటె పెద్ద దెబ్బకు ఒకసారి చివరి దాకా పోతే తప్పు లేదు. ఉన్న శక్తిని పూర్తిగా వాడుకోవడం కూడ అవసరమే. ప్రతి గట్టుకూ పోతే మాత్రం దోషం. అందుకని గాలిని ఇంకా పెంచితే చిన్న రాళ్లకు కూడ సైకిలు గొడ్డుకర్రవలె బిగుసుకుంటుంది. దీనికి వేరొక ఉపాయం ఉన్నది. గాలి గదిలో ప్లాస్టిక్ దిమ్మ ఒకటి చేరిస్తే గది చిన్నదవుతుంది. మొదటి కదలికలో తేడా అంతగా తెలియదు గాని, చివరకు పోయేసరికి పీడనం చాలా పెరిగి అడుగు తాకనివ్వదు. లారీలో పెద్ద కమాన్ కట్ట పైన మరొక చిన్న కట్ట ఉంటుంది. మామూలు బరువుకు దానికి పని ఉండదు. ఎక్కువ బరువు పడినప్పుడే అది ఆనుకొని సాయపడుతుంది. ఈ దిమ్మ పనీ దాదాపు అటువంటిదే. గాలి పూర్తిగా తీసివేసిన తరువాతనే, తెలిసినవారి సాయంతో గదిని విప్పి ఒక్క దిమ్మ వేశాము. చప్పుడు ఆగింది.

మా ప్రాంతపు ఎండను గురించి కూడ ఒక మాట చెప్పాలి. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో 230 పౌండ్లు నింపిన షాక్‌ను మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల వేడిలో కొలిస్తే సుమారు 255 పౌండ్లు చూపుతుంది. గాలి ఎవరూ నింపలేదు, ఎండ నింపింది. కనుక కాలం మారినప్పుడల్లా కొలత చూసుకోవాలి. మా దుమ్ము కూడ తక్కువది కాదు. ప్రతి ప్రయాణం తరువాత కడ్డీని మెత్తని పొడిగుడ్డతో తుడవకపోతే ఇసుకరేణువులు లోపలి రబ్బరు సీళ్లను కోస్తాయి. గాలి గదిని 50 గంటల సవారికి ఒకసారి శుభ్రం చేయాలని రాక్‌షాక్స్ వారి సూచన. అధిక పీడనంతో పనిచేసే షాక్‌కు ఈ జాగ్రత్త మరింత అవసరం.

బరువు దోషం కాదని మేము అంటున్నామే గాని, హద్దులు లేవని అనడం లేదు. ప్రతి షాక్ మీద గరిష్ఠ పీడనం ముద్రించి ఉంటుంది. మా మిత్రుని దాని మీద 300 అని ఉన్నది. ఆ హద్దుకు చేరినా కుంగు తగ్గకపోతే ఇంకా గాలి కొట్టడం సాహసం కాదు, అవివేకం. అప్పుడు వేరే షాక్ చూసుకోవాలి. చట్రానికి, చక్రాలకు కూడ తయారీదారు ఒక బరువు హద్దు చెబుతాడు. దానిని తెలుసుకోకుండ కొండ దిగరాదు. వెనుక గాలి పెంచి ముందు ఫోర్కును మరచిపోతే సైకిలు ముక్కు మీదికి వాలుతుంది. ముందూ వెనుకా రెండూ సరిచూడాలి. షాక్‌లో గాలి కాక నైట్రోజన్ వాయువు నింపిన మరొక గది కొన్నిటిలో ఉంటుంది. దాని జోలికి ఇంటి దగ్గర ఎవరూ పోరాదు. హద్దును తెలిపి, హద్దులోపల అమర్చి ఇవ్వడం ఒక పద్ధతి. హద్దు ఎక్కడున్నదో చూడకుండనే మనిషిని చూసి నవ్వడం మరొక పద్ధతి. మా ఆక్షేపణ ఈ రెండవదాని మీదనే.

ఈ వాదానికి రెండు అభ్యంతరాలు వినవస్తాయి. మొదటిది, లావుగా ఉన్నవారు తగ్గడం ఆరోగ్యానికి మంచిదే కదా, తగ్గమనడంలో తప్పేమున్నది అని. ఆరోగ్యం మంచిదనడంలో మాకు భిన్నాభిప్రాయం లేదు. కాని తగ్గాలనుకున్నవాడు దేని మీద తగ్గాలి? సైకిలు తొక్కవలసినవానికి సైకిలును నిరాకరించి, ముందు తగ్గి రమ్మనడం, ఈత నేర్చుకొని వస్తేగాని నీళ్లలో దిగనివ్వమన్నట్లున్నది. పైగా అతడు తగ్గినా తగ్గకపోయినా, డబ్బు చెల్లించిన వస్తువు అతణ్ణి క్షేమంగా మోయాలన్నది వేరే ప్రశ్న. క్షేమం సన్నని వారికి మాత్రమే దక్కే బహుమానం కాదు.

రెండవది, ఇది ఖరీదైన వినోదం, పేద ప్రాంతంలో దీని గురించి వ్యాసాలెందుకు అని. మా మిత్రుడు ధనవంతుడు కాడు. రెండు వేసవుల కష్టం ఆ సైకిలు. ధనవంతుని సైకిలు కుదరకపోతే అతడు మరొకటి కొంటాడు. పేదవానికి ఉన్నదానిని కుదుర్చుకోవడమే దిక్కు. కనుక అమరిక తెలియడం పేదవానికే ఎక్కువ అవసరం. అతని సమస్యకు పరిష్కారం గాలి, ఒక మర, ఒక ప్లాస్టిక్ దిమ్మ. ఇంత స్వల్పమైన దానికోసం ఒక యువకుడు నెలల తరబడి తనను తాను తక్కువ చేసుకొని కూర్చున్నాడంటే లోపం ఎక్కడున్నదో ఆలోచించాలి.

లోపం కొంత భాషలో కూడ ఉన్నది. ఆ షాక్‌తో వచ్చే చిన్న పుస్తకాన్ని తరువాత మేము సంపాదించి చూశాము. బరువుకు తగిన గాలి పట్టిక అందులో చక్కగా ఉన్నది. ఇంగ్లీషులోను, మరి కొన్ని విదేశీ భాషలలోను ఉన్నది. తెలుగులో లేదు, ఉర్దూలో లేదు. దుకాణంలోని వారు అది చదివి ఉండరు. చదివి ఉంటే అంత తేలికగా నవ్వగలిగేవారు కారని మా నమ్మకం. రెండు భాషల విద్యార్థులు కలిసి చదివే మావంటి కళాశాల ఇటువంటి చోట చేయగల సేవ చాలా ఉన్నది. ఒక పుట సూచనలను రెండు లిపులలో రాసి అంటించడానికి పెద్ద నిధులు అక్కరలేదు.

కావున మా సూచనలు మూడు. ఒకటి, ఇట్టి సైకిలును అమ్మే ప్రతివారు, కొత్తదైనా పాతదైనా, కొన్న మనిషిని దాని మీద కూర్చోబెట్టి కుంగు కొలిచి, గాలి సరిచేసి, ఆ అంకెలను ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. దర్జీ కొలతలు తీసుకోకుండ చొక్కా కుట్టడు గదా! రెండు, కళాశాల క్రీడావిభాగంలో ఒక షాక్ పంపు, ఒక కొలబద్ద, ఒక బరువు యంత్రం ఉంచాలి. అవసరమైనవారు వచ్చి వాడుకుంటారు. మూడు, బరువు చూసే చోట నవ్వు ఉండరాదు. ఈ మూడవది కొనడానికి డబ్బు అవసరం లేదు గాని, మా అనుభవంలో అన్నిటికంటె కష్టమైనది ఇదే.

ఉర్దూలో వజన్ అంటే బరువు. పద్యానికి ఉండే కొలతను కూడ ఆ భాషలో వజన్ అనే అంటారు. మన తెలుగు ఛందస్సులో బరువైన అక్షరం గురువు, తేలికైనది లఘువు. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. గురువు బరువుగా ఉన్నదని ఏ లాక్షణికుడూ దానిని పద్యం నుండి వెళ్లగొట్టలేదు. దానికి రెండు మాత్రల చోటు ఇచ్చి నడకను కుదిర్చాడు. రెండు భాషల పెద్దలూ పద్యంలో పాటించిన ఈ న్యాయాన్ని మనం మనుషుల విషయంలో పాటించలేమా?

మా మిత్రుడు పాతచీర తీసివేశాడు. ఇప్పుడు ఆదివారాలు ఉదయం మహదేవపూర్ వైపు అడవి బాటలో అతడు ముందు పోతుంటే మేము మామూలు సైకిళ్ల మీద వెనుక రొప్పుతూ పోతుంటాము. అతని బరువు మేము చూసినంతలో పెద్దగా తగ్గలేదు. షాక్ మాత్రం ఇప్పుడు 15 మిల్లీమీటర్లే కుంగుతున్నది. తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి చౌరస్తాలో ఆగి, చాచాకు ఆ చిన్న పంపును, ఎర్రమరను, రబ్బరు ఉంగరాన్ని చూపించాము. ఆయన ఉంగరాన్ని వేలితో జరిపి చూసి, "ఇంతేనా? గింత సూసెటోడు లేకనేనా పోరన్ని అన్ని దినాలు ఇంట్ల కూసోబెట్టిండ్రు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. దానినే పాఠకుల ముందుంచి ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాము.